‘ఎవరికీ కనిపించదు’ సరే, దేన్ని దేనితో పోల్చి కొనాలి?

సంపాదకుల వారికి,

అయ్యా,

కొన్ని వారాలుగా మీ పత్రిక సిటీ అనుబంధంలో వినికిడి యంత్రాల ప్రకటనలు వరసగా వస్తున్నాయి. ప్రతి ప్రకటనలోనూ చిటికెన వేలి కొస మీద గోరంత యంత్రం నిలబెట్టిన బొమ్మ, దాని పక్కన ‘మీ చెవిలో ఉన్నట్టు ఎవరికీ కనిపించదు’ అన్న మాట, కింద ‘ఉచిత పరీక్ష, సగం ధర, మూడు రోజులు మాత్రమే’ అన్న గడువు ఉంటున్నాయి. అటువంటి ప్రకటన ఒకటి చూసి వెళ్లి, ఒక జత కొని, ఆ డబ్బు పోగొట్టుకుని, ఆ తరువాత ఎనిమిది నెలల పాటు తిరిగి తెలుసుకున్న సంగతులు మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. చెవి లోపల పెట్టుకునే రకాలు చెడ్డవని చెప్పడం నా ఉద్దేశం కాదు. మా అక్కయ్య అటువంటిదే పెట్టుకుని సుఖంగా ఉంది. ఈ యంత్రాల ధరనూ సైజునూ ఒకదానితో ఒకటి పోల్చడానికి ముందు, వాటిని మన చెవి పరీక్ష కాగితంతో పోల్చి చూడాలన్నదీ, అలా చూసుకోవడానికి కావలసిన వివరాలను అమ్మేవారు రాసి ఇవ్వాలన్నదీ మాత్రమే నా మనవి.

నేను ప్రభుత్వ కార్యాలయంలో స్టెనోగ్రాఫరుగా 31 సంవత్సరాలు పనిచేసి రిటైరయ్యాను. ఎదుటివారు చెప్పింది విని రాయడమే నా బతుకుతెరువు కాబట్టి, వినికిడి తగ్గుతోందని నాకు నేను ఒప్పుకోవడానికి మూడేళ్లు పట్టింది. మాట వినిపించేది, ఏ మాటో తెలిసేది కాదు. వంటింట్లోంచి నా భార్య ‘కప్పు’ అన్నదో, ‘తప్పు’ అన్నదో, ‘పప్పు’ అన్నదో నాకు ఒక్కలాగే ఉండేది. ఆమె గొంతు పెంచితే ‘అప్పు’ భాగం ఇంకా గట్టిగా వినిపించేది తప్ప మొదటి అక్షరం తేలేది కాదు. ఇందులో వింతేమీ లేదని తరువాత తెలిసింది. అచ్చులకు బలం ఎక్కువ, వాటి శబ్దం కింది స్థాయుల్లో (బొంగురు వైపు) ఉంటుంది. క, త, ప, స, శ వంటి అక్షరాలు బలహీనమైనవి, వాటిని ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుచేసే శబ్దం చాలావరకు పై స్థాయుల్లో (కీచు వైపు) ఉంటుంది. వయసుతో వచ్చే చెవుడు సాధారణంగా ఆ పై స్థాయుల నుంచే మొదలవుతుంది. అందువల్లనే ముసలివాళ్లు ‘గట్టిగా అరవకు, స్పష్టంగా చెప్పు’ అని విసుక్కుంటారు.

ప్రకటన చూసి నేను వెళ్లిన దుకాణం మెయిన్ రోడ్డు మీద ఉంది. అద్దాల తలుపు ఉన్న చిన్న గదిలో నాకు హెడ్‌ఫోను పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. బయట ఆర్టీసీ బస్సు హారన్ మోగితే అది యంత్రంలోంచి వచ్చిందో రోడ్డు మీది నుంచి వచ్చిందో తెలియక రెండుసార్లు నొక్కాను కూడా. ఇరవై నిమిషాల్లో పరీక్ష ముగిసింది, ఆ కాగితం నా చేతికి ఇవ్వలేదు, టేబుల్ మీద నాలుగు బొమ్మ చెవులు పెట్టి నాలుగు ధరలు చెప్పారు. అన్నిటికన్నా చిన్నదానికి అన్నిటికన్నా పెద్ద ధర ఉంది కాబట్టి అదే మేలైనదని నేను అనుకున్నాను, వారు కాదనలేదు. జత 92 వేలు. వెంటనే కొలత తీసుకున్నారు. దారం కట్టిన చిన్న దూది ఉండను చెవిలోకి నెట్టి, దాని మీదుగా మైదాపిండి ముద్దలా మెత్తగా ఉన్న గులాబీ రంగు పదార్థాన్ని సిరంజితో నింపారు. అది చల్లగా లోపలికి జారి, బయటి లోకమంతా ఒక్కసారిగా మూసుకుపోయి, అయిదు నిమిషాల పాటు నా గుండె చప్పుడు తప్ప నాకు మరేమీ వినబడలేదు. గట్టిపడ్డాక బయటికి తీస్తే, నా చెవి దారి లోపల అన్ని వంపులు ఉన్నాయని మొదటిసారి చూశాను.

పది రోజులకు యంత్రాలు వచ్చాయి. నిజంగానే ఎవరికీ కనిపించలేదు. కానీ నేను నోరు తెరిస్తే బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు నా గొంతు నాకే మోగేది. జంతిక కొరికితే ఇల్లు కూలుతున్నంత చప్పుడు. శాలువా తలమీదికి లాక్కున్నా, మనవరాలు దగ్గరికి వచ్చి చెంప ఆనించినా చెవిలో ఈల మొదలయ్యేది. దుకాణానికి వెళితే ఈల ఆగేలా సర్దారు. సర్దడమంటే ఈల పుట్టించే పై స్థాయుల శబ్దాన్ని తగ్గించడమే. నాకు లోపం ఉన్నది సరిగ్గా ఆ స్థాయుల్లోనే కాబట్టి, ఈల ఆగింది, ‘కప్పు’, ‘తప్పు’, ‘పప్పు’ మళ్లీ ఒక్కటయ్యాయి. ఒకసారి యంత్రం పై డొప్ప మార్చి ఇచ్చారు. అయినా లాభం లేదని మూడోసారి వెళితే, మీ చెవి అచ్చుతో చేసిన వస్తువు మరొకరికి పనికిరాదు కాబట్టి వెనక్కి తీసుకోలేమని మర్యాదగానే చెప్పారు. బిల్లు వెనక చిన్న అక్షరాలతో ఆ సంగతి ఉంది. నేను చదవలేదు, ఆ తప్పు నాదే.

ఆ తరువాత సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్య సంస్థ ప్రాంతీయ కేంద్రంలో మళ్లీ పరీక్ష చేయించుకున్నాను. (మన హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన వ్యక్తి పేరు మీద 1983లో బొంబాయిలో పెట్టిన సంస్థ ఇది, మన ఊళ్లో దాని కేంద్రం ఉన్నదని ఇరుగుపొరుగులో పది మందిని అడిగితే ఒక్కరికీ తెలియదు.) బయటి శబ్దం రాని గదిలో, ముందు చెవిలోకి లైటు వేసి గుబిలి ఉందేమో చూసి, హెడ్‌ఫోనుతో ఒకసారి, చెవి వెనక ఎముక మీద పెట్టే పరికరంతో మరొకసారి పరీక్ష చేశారు. లోపం బయటి, మధ్య చెవుల్లో ఉన్నదా, లోపలి నరం వైపు ఉన్నదా అన్నది ఈ రెండో పరీక్షతోనే తేలుతుంది. మధ్య చెవిలో ఉన్నదైతే కొందరికి మందుతోనో ఆపరేషన్‌తోనో పోవచ్చు. యంత్రం దాకా వెళ్లనక్కరలేదు. ఎముక పరీక్ష లేని ‘ఉచిత పరీక్ష’ను నమ్మి యంత్రం కొనకూడదని నేను గట్టిగా చెబుతాను.

ఆ పరీక్ష కాగితాన్ని ఆడియోగ్రామ్ అంటారు. చదవడం కష్టమేమీ కాదు. ఎడమ నుంచి కుడికి 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు శబ్దం స్థాయి (బొంగురు నుంచి కీచుకు), పై నుంచి కిందికి డెసిబెళ్లు (శబ్దం ఎంత గట్టిగా ఉంటే వినబడిందో). ఎర్ర సున్నాలు కుడి చెవి, నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవి. గీత ఎంత కిందికి దిగితే లోపం అంత ఎక్కువ. నా గీత 250, 500 దగ్గర 20 డెసిబెళ్ల మీద ఉంది, అంటే అక్కడ దాదాపు మామూలు వినికిడే. 2000 దగ్గర 50కి, 4000 దగ్గర 65కి పడిపోయింది. కొండ చరియలా ఉన్న ఈ గీతను చూసిన ఆడియాలజిస్టు (వినికిడిని పరీక్షించే నిపుణురాలు), నేనేమీ చెప్పకముందే, ‘మీ గొంతు మీకే మోగుతోందా?’ అని అడిగారు.

కారణం ఆవిడే వివరించారు. మనం మాట్లాడినప్పుడు మన గొంతులోని కింది స్థాయి శబ్దం ఎముకల గుండా చెవి గొట్టంలోకి కూడా వస్తుంది. చెవి తెరిచి ఉంటే అది బయటికి పోతుంది. గొట్టాన్ని బిరడాలా మూసేస్తే పోయే దారి లేక లోపలే మోగుతుంది. కింది స్థాయుల వినికిడి బాగున్న నాలాంటి వాడికి ఆ మోత పూర్తిగా తెలుస్తుంది. దానికి మందు యంత్రంలో గాలి రంధ్రం పెట్టడమే, కానీ గోరంత యంత్రంలో పెద్ద రంధ్రానికి చోటు ఉండదు. ఉన్నా, మైకు, స్పీకరు రెండూ పక్కపక్కనే ఉండడం వల్ల స్పీకరు శబ్దం ఆ రంధ్రం గుండా తిరిగి మైకులో పడి ఈల పుడుతుంది. అంటే నా చెవికి రంధ్రం కావాలి, ఆ యంత్రానికి రంధ్రం కూడదు. ఈ సంగతి నా గీత చూసిన మరుక్షణం తెలిసేదే. దుకాణంలో ఆ గీత ఉన్నది, చూసినవారు ఉన్నారు, చెప్పినవారు లేరు.

మా అక్కయ్య సంగతి వేరు. ఆవిడది మల్కాజిగిరి, నాకన్నా ఆరేళ్లు పెద్ద. ఆవిడ ఆడియోగ్రామ్‌లో గీత 45, 50 డెసిబెళ్ల దగ్గర ఇంచుమించు చదునుగా ఉంటుంది. కింది స్థాయుల్లోనూ లోపం ఉంది కాబట్టి చెవి మూసుకున్న మోత ఆవిడను అంతగా బాధించదు, అక్కడ కూడా శబ్దం పెంచాల్సిందే కాబట్టి రంధ్రం లేకపోవడమే మేలు. చెవి గొట్టంలోకి పూర్తిగా దిగిపోయే రకం ఆవిడకు బాగా అమరింది. మైకు చెవి లోపలే ఉండడం వల్ల శబ్దం ఎటు నుంచి వస్తున్నదో చెవి డొప్ప సహజంగా చేసే సాయం పోలేదు, గాలి హోరు తగ్గింది, ఫోను ఎప్పటిలాగే చెవికి ఆనించి మాట్లాడగలుగుతున్నది. కరోనా రోజుల్లో మాస్కు తీసినప్పుడల్లా చెవి వెనక యంత్రం ఊడి కింద పడుతోందని వాపోయిన వాళ్లను మనం చూశాం. ఆవిడకు ఆ బాధ లేకపోయింది. కళ్లజోడు కాడకూ అడ్డం లేదు.

ఆవిడ బాధంతా బ్యాటరీతో. ఆ రకానికి వేసేది 10 నంబరు బ్యాటరీ, పసుపు రంగు స్టిక్కరు ఉంటుంది, కందిగింజ కన్నా కాస్త పెద్దది. స్టిక్కరు తీస్తే గాలి తగిలి పనిచేయడం మొదలవుతుంది, కాబట్టి తీసిన తరువాత ఒక నిమిషం ఆగి యంత్రంలో పెట్టాలి. ఒకసారి తీశాక మళ్లీ అంటించి దాచుకుంటే మిగిలేదేమీ ఉండదు. కీళ్లవాతం ఉన్న ఆవిడ వేళ్లకు అది దొరకదు. మొజాయిక్ గచ్చు మీద పడి బల్ల కిందికి దొర్లిన బ్యాటరీని చీపురుపుల్లతో వెతికిన సాయంత్రాలు ఉన్నాయి. ఒక్కోటి అయిదారు రోజులు వస్తున్నది. లెక్క వేస్తే రెండు చెవులకు సంవత్సరానికి 130కి పైగా బ్యాటరీలు, ఆరేసి ఉండే కార్డులు 22. కొనేటప్పుడు ఈ ఖర్చును ఎవరూ ధరలో కలిపి చెప్పరు. ఇప్పుడు వారానికోసారి మా మేనకోడలు వచ్చి మారుస్తున్నది. ఒంటరిగా ఉండే పెద్దవారు యంత్రం కొనే ముందు దుకాణంలోనే కూర్చుని, ఎవరి సాయం లేకుండా, బ్యాటరీ తీసి వేసి, యంత్రాన్ని చెవిలో పెట్టి, దారం పట్టుకుని బయటికి లాగి చూసుకోవాలి. ఎర్ర గుర్తున్నది కుడి చెవికి, నీలం గుర్తున్నది ఎడమకు. ఆ గుర్తు కళ్లజోడు లేకుండా కనిపిస్తున్నదా అన్నది కూడా చూసుకోవాల్సిందే.

ఈ రకాల పేర్లు దుకాణాల్లో ఇంగ్లీషు పొడి అక్షరాల్లోనే చెబుతారు కాబట్టి తెలిసి ఉండడం మంచిది. అన్నిటికన్నా లోపలికి, చెవి గొట్టం రెండో వంపు దాకా వెళ్లేది ఐఐసీ. గొట్టంలోకి పూర్తిగా దిగి చిన్న దారం మాత్రం బయట ఉండేది సీఐసీ. గొట్టం ముఖద్వారం దగ్గర కొంచెం కనిపించేది ఐటీసీ. చెవి డొప్ప గుంటను నింపేది ఐటీఈ. యంత్రం చెవి వెనక ఉండి, సన్నని తీగతో స్పీకరు మాత్రం గొట్టంలో ఉండేది ఆర్ఐసీ. సైజు తగ్గుతున్న కొద్దీ పోయేవి ఏమిటన్నదే అసలు పోలిక. మొదట పోయేది రెండో మైకు. రెండు మైకులు ఉన్న యంత్రం ఎదురుగా ఉన్నవారి మాటను వెనక, పక్కల వచ్చే గోల నుంచి కొంతవరకు వేరు చేయగలదు. ఐఐసీ, సీఐసీలలో సాధారణంగా ఒకటే మైకు. ప్రకటనల్లో వాటికి కూడా ‘గోల తగ్గించే సాంకేతికత’ అని రాస్తారు. అది ఫ్యాను హోరు వంటి ఒకే తీరు చప్పుడును తగ్గించి చెవికి విశ్రాంతినిస్తుంది తప్ప, పెళ్లి ఫంక్షన్ హాల్లో ఒక పక్క బ్యాండు, ఒక పక్క రెండు వందల మంది భోజనాల సందడి ఉండగా పక్క కుర్చీలో ఉన్న వియ్యంకుడి మాటను ఏరి ఇవ్వలేదు. ఇంట్లో ఇద్దరే ఉండి, టీవీ చూసుకుని, ఫోను మాట్లాడుకునే వారికి ఒక మైకు చాలు. సభలకు, పేరంటాలకు తిరిగేవారికి చాలదు. సెల్‌ఫోను శబ్దం నేరుగా యంత్రంలోకి వచ్చే బ్లూటూత్, రాత్రి చార్జింగు పెట్టుకునే వీలు కూడా అతి చిన్న రకాల్లో తరచుగా ఉండవు. కొన్ని కంపెనీలు ఇటీవల తెస్తున్నాయి, కాబట్టి మోడల్ పేరు పట్టుకుని అడగాలి. బ్యాటరీలూ అంతే: 10 నంబరుది పసుపు, 312 గోధుమ రంగు, 13 నారింజ, 675 నీలం, నంబర్లు చూస్తే అనిపించదు గానీ ఈ వరసలో సైజు పెరుగుతుంది, దానితో పాటే ఒక్కో బ్యాటరీ నడిచే రోజులూ పెరుగుతాయి.

ఒకే దుకాణంలో చెప్పిన మూడు ధరలను పోల్చడం పోలిక కాదని కూడా తెలుసుకున్నాను. ఛానెళ్ల సంఖ్యే అందుకు ఉదాహరణ. ఎనిమిది ఛానెళ్లది ఇంత, పదహారుది ఇంత, ఇరవై నాలుగుది ఇంత అని మెట్లు మెట్లుగా చెబుతారు. శబ్దాన్ని అన్ని ముక్కలుగా చేసి వేరువేరుగా సర్దవచ్చునన్నది నిజమే. కానీ ఛానెళ్లు రెట్టింపైతే మాట రెట్టింపు స్పష్టంగా వినిపించదు. దానికన్నా ముఖ్యమైనది ఫిట్టింగ్ రేంజి. ప్రతి మోడల్‌కూ కంపెనీ ఇచ్చే సాంకేతిక పత్రంలో, ఆడియోగ్రామ్ లాంటి గడుల మీదే, ఈ యంత్రం ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఉన్న లోపానికి పనికివస్తుందని నీడ వేసి చూపుతారు. మన గీతను దాని మీద పెట్టి చూస్తే, గీతంతా ఆ నీడలో ఉందా, కొస బయటికి పోయిందా అన్నది చదువు రానివారికి కూడా కనిపిస్తుంది. గీత అంచు మీద ఉంటే రెండు మూడేళ్లలో లోపం కాస్త పెరిగినా యంత్రం చాలకుండా పోతుందని అర్థం. ఎనిమిది నెలల్లో నేను కోఠి, హిమాయత్‌నగర్, సికింద్రాబాద్, కూకట్‌పల్లి తిరిగి ఆరు చోట్ల ఈ పత్రం అడిగాను. రెండు చోట్ల ఇచ్చారు, ఒక చోట ‘అది మీకు అర్థం కాదు సార్’ అన్నారు, మిగతా చోట్ల ధరల పట్టిక ఇచ్చారు.

బ్రాండు పేర్ల గొడవ కూడా చెప్పాలి. ఫోనాక్, యూనిట్రాన్ రెండూ స్విట్జర్లాండుకు చెందిన సోనోవావే. ఒకప్పటి సీమెన్స్ యంత్రాలే ఇప్పుడు సిగ్నియా. ఆ కంపెనీ, డెన్మార్క్‌కు చెందిన వైడెక్స్ 2019లో కలిసిపోయాయి. అంటే దుకాణంలో మనం పోలుస్తున్న రెండు పేర్లు ఒకే ఇంటివి కావచ్చు. దానికన్నా ముందుగా అడగవలసిన ప్రశ్న, ఈ యంత్రాన్ని ఊళ్లో మరొక ఆడియాలజిస్టు దగ్గర కూడా సర్దించుకోవచ్చునా అన్నది. కొన్ని యంత్రాలను అమ్మిన సంస్థ సాఫ్ట్‌వేరుతో తప్ప మరెవరూ తెరవలేని విధంగా తాళం వేసి అమ్ముతారు. ఆ దుకాణం మూతపడినా, మీరు కొడుకు దగ్గరికి విశాఖపట్నం వెళ్లిపోయినా, యంత్రం బాగానే ఉండి కూడా సర్దేవారు ఉండరు.

చెవి అచ్చుతో చేసే యంత్రానికి ఉన్న అసలు చిక్కు, దాన్ని కొనకముందు పెట్టుకుని చూడలేకపోవడం. ‘వారం రోజులు ఉచితంగా వాడి చూడండి’ అన్నవారు నాకు ఇంటికి ఇచ్చి పంపినది సీఐసీ కాదు, సిలికాన్ టోపీ పెట్టిన ఆర్ఐసీ. దానితో బాగా వినిపించిందని సంతోషించి సీఐసీకి డబ్బు కడితే, పరీక్షించినది ఒకటి, కొన్నది మరొకటి అవుతుంది. అచ్చు తీయకుండా మెత్తని సిలికాన్ తొడుగుతో చెవి గొట్టంలో పెట్టే రెడీమేడ్ రకాలు కూడా ఇప్పుడు ఉన్నాయి. లోపలి రకమే కావాలనుకునేవారు ముందు దానితో కొన్ని రోజులు గడిపి, తమ గొంతు తమకు మోగుతున్నదా, ఈల వస్తున్నదా చూసుకుని, ఆ తరువాత అచ్చు ఇస్తే మేలు. ఆ రోజుల్లో ఇంట్లో కూర్చోకూడదు. నేను రెండో విడతలో నల్లకుంట కూరగాయల మార్కెట్టుకు, కుక్కరు విజిల్ వేస్తున్న వంటింట్లోకి, సిటీ బస్సులోకి, మా కాలనీ సంఘం సమావేశానికి పనిగట్టుకుని వెళ్లాను. కండక్టరు అడిగిన చిల్లర మొదటిసారికే అర్థమైతే ఒక మార్కు వేసుకున్నాను. నా భార్య నా వెనక నిలబడి, నోరు కనిపించకుండా, కప్పు, తప్పు, పప్పు, చెప్పు అన్న మాటలను కలిపి ఇరవై సార్లు చదివితే, నేను పాత అలవాటు కొద్దీ విన్నది విన్నట్టు షార్ట్‌హ్యాండ్‌లో రాసేవాణ్ణి. మొదటి యంత్రంతో ఇరవైకి తొమ్మిది. ఇప్పటిదానితో పదిహేడు. దుకాణాల్లో మాటల పరీక్ష పెట్టేవారు తక్కువ. పెట్టినా ఒక చోట నాకు ఇంగ్లీషు మాటలు చదివారు. తెలుగువాడి చెవిని తెలుగు మాటలతో పరీక్షించడం పెద్ద కోరికేమీ కాదు.

యంత్రం సర్దడంలో కూడా తేడా ఉంది. కంప్యూటరు ఆడియోగ్రామ్ చూసి దానంతట అది వేసే లెక్క సగటు మనిషి చెవికి వేసే లెక్క. అందరి చెవి గొట్టాలూ ఒకే పొడుగు, ఒకే వెడల్పు ఉండవు. దారమంత సన్నని గొట్టాన్ని యంత్రం పక్కగా చెవిలోకి పంపి, కర్ణభేరి దగ్గర నిజంగా ఎంత శబ్దం చేరుతున్నదో కొలిచే పద్ధతి ఉంది, దాన్ని రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు. ఆ పరికరం ఉన్నదా అని ఫోనులోనే అడిగి వెళ్లడం సులువు. ఇరవై వేలు తగ్గిస్తామనే చోటు కన్నా ఈ కొలత చేసే చోటుకే నేను ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే మంచి యంత్రాన్ని చెడగొట్టడానికి తప్పుడు సర్దుబాటు చాలు.

మా అబ్బాయి అమెరికా నుంచి ఒకటి పంపిస్తానన్నాడు. అక్కడ 2022 అక్టోబరు నుంచి, 18 ఏళ్లు దాటి, స్వల్ప లేదా మధ్యస్థ లోపం ఉన్నవారికి డాక్టరు చీటీ లేకుండానే యంత్రాలు అమ్ముతున్నారు. 4000 దగ్గర 65కు పడిపోయిన నా బోటి వాడికి అవి చాలవు, చెడిపోతే ఇక్కడ చూసేవారూ ఉండరు కాబట్టి వద్దన్నాను. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకు దొరికే ‘చెవి మిషన్లు’ చాలావరకు అన్ని శబ్దాలనూ ఒక్కలాగే పెంచే సాధనాలు. వాటి గురించి ఇంతకన్నా రాయను.

గుబిలి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, లోపలి రకం యంత్రాలకు ప్రధాన శత్రువు అదే. స్పీకరు నోటికి ఉండే చిన్న జల్లెడ మూసుకుపోతే యంత్రం చచ్చిపోయిందని జనం దుకాణానికి పరుగెత్తుతారు. మార్చవలసింది ఆ జల్లెడ ఒక్కటే. అది ఎంతకు దొరుకుతుందో, మార్చడం నేర్పుతారో లేదో కొనేముందే అడగాలి. మే నెల చెమటకూ జూలై ముసురుకూ రాత్రిపూట తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టడం తప్పనిసరి. చెవిలో చీము కారే అలవాటున్నవారు గొట్టాన్ని మూసేసే రకం జోలికి డాక్టరును అడగకుండా పోకూడదు. ఉన్నట్టుండి ఒక్క రోజులోనో రెండు మూడు రోజుల్లోనో ఒక చెవి వినపడకుండా పోతే అది యంత్రం కొనే సమయం కాదు, అదే రోజు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పోవలసిన అవసరం. ఆలస్యం చేస్తే తిరిగి రావలసిన వినికిడి కూడా రాకుండా పోవచ్చు. కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉన్నది అందుకే.

ఇక బిల్లు. చెప్పిన ధర ఒక చెవికా, జతకా అన్నది మొదట తేల్చుకోవాలి. ఈ ఒక్క మాట అడగక కుదేలైనవారిని నేను చూశాను. వినికిడి యంత్రాల మీద జీఎస్టీ లేదు, కాబట్టి ‘పన్ను అదనం’ అంటే ఏ పన్ను అని అడగాలి. మోడల్ పూర్తి పేరు, రెండు యంత్రాల సీరియల్ నంబర్లు, వారంటీ గడువు, యంత్రం డొప్ప సరిపోకపోతే ఎన్నాళ్లలోగా ఎన్నిసార్లు ఉచితంగా మార్చి ఇస్తారన్నది, యంత్రం పోగొట్టుకుంటే ఏమిటన్నది బిల్లు మీదే రాయించుకోవాలి. పరీక్ష చేసిన వ్యక్తికి 1992 చట్టం కింద ఏర్పాటైన భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. బిల్లు ఇవ్వకపోయినా, ఇచ్చిన మాట తప్పినా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. డబ్బు లేనివారికి ఒక మాట: 2017లో నెల్లూరులో ప్రారంభించిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు వినికిడి యంత్రాలు ఉచితంగా ఇస్తారు. అవి చెవి వెనక పెట్టుకునే రకాలు, కనిపిస్తాయి. వినిపిస్తాయి కూడా.

నేను ఇప్పుడు వాడుతున్నది ఆర్ఐసీ. చెవి మూసుకుపోకుండా రంధ్రాలున్న చిన్న సిలికాన్ టోపీ గొట్టంలో ఉంటుంది, కింది స్థాయి శబ్దాలు మామూలుగానే లోపలికి వస్తాయి, పై స్థాయులు మాత్రం యంత్రం అందిస్తుంది. జత ధర 78 వేలు, అంటే నేను పోగొట్టుకున్నదానికన్నా తక్కువ. నాలుగు నెలల క్రితం మా పాత ఆఫీసు వాళ్ల కలయికకు వెళ్లి మూడు గంటలు కూర్చున్నాను. తెల్లజుట్టు, కళ్లజోడు కాడ మధ్య ఉన్న బూడిద రంగు యంత్రాన్ని ఒక్కరూ గమనించలేదు. నేనే తీసి చూపిస్తే ఇద్దరు తమ జేబుల్లోంచి తమవి తీశారు. అవి జేబుల్లో ఎందుకున్నాయని అడిగితే ‘కనిపించవు గానీ వినిపించవు’ అన్నారు. ఇద్దరికీ తమ ఆడియోగ్రామ్ కాగితాలు ఎక్కడున్నాయో తెలియదు.

కాబట్టి మీకు నాదొక విన్నపం. ప్రకటనలు మానమని అడిగే హక్కు నాకు లేదు, పత్రికకు అవి అవసరమని తెలుసు. అయితే ఈ ప్రకటనలు ఇచ్చేవారిని మోడల్ పేరు, అది ఎన్ని డెసిబెళ్ల లోపం వరకు పనికివస్తుందన్నది, ధర ఒక చెవికా జతకా అన్నది అందులో వేయమని మీ ప్రకటనల విభాగం అడగవచ్చు. చిటికెన వేలి బొమ్మను కాస్త చిన్నది చేస్తే ఆ మూడు పంక్తులకూ చోటు సరిపోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టెనోగ్రాఫరు,
నల్లకుంట, హైదరాబాద్.